పది నిమిషముల పాకము

శ్రమపడి వండినదే రుచికరమనియు, చాలసేపు పొయ్యిమీద నుండినదే పదార్థమనియు, త్వరగా ముగించిన వంట వండినవారి నిర్లక్ష్యమునకు సాక్ష్యమనియు మన ఇండ్లలో తరతరములుగా నాటుకొనిపోయిన భావమొకటి గలదు. పిండి పులియుటకు రాత్రినంతయు, ఊరగాయ ఊరుటకు వారములను, జున్నుపాలకొరకు గేదె ఈనువరకును ఓపికతో ఎదురుచూచిన జనులము గనుక అట్టి భావము మనలో కలుగుట సహజమే. దానిని నేను నిందింపను. కాని తీరిక తరిగిపోయిన నేటి జీవితములో ఈ భావమే ఒక అనర్థమును తెచ్చిపెట్టుచున్నది. సాయంకాలము అలసి ఇల్లు చేరిన మనుష్యునికి నిదానముగా వండుటకు శక్తి చాలదు. త్వరగా వండుట చిన్నతనమని తలచును. తలచి, వంటనే మాని, నూనెలో వేగిన చిరుతిండి పొట్లమును చించును, లేదా ఫోనుమీద వ్రేలు నొక్కి ఎవరో వండినదానికై ముప్పావుగంట నిరీక్షించును. ఈ రెండింటికిని నడుమ, పది నిమిషములలో స్వహస్తముతో చేసికొని, వేడివేడిగా తిని, తృప్తి చెందదగిన మూడవ మార్గము కలదనియు, అది ప్రతి ఇంటిలో ప్రతివారికిని తెలిసి యుండవలెననియు నా దృఢవిశ్వాసము. అందుకు నేనెన్నుకొనిన ఉదాహరణము, కరకరలాడునట్లు కాల్చిన రొట్టెముక్కపై మెత్తని తాజా చీజ్ పరచి, అప్పుడే తరిగిన కాయగూరలును ఆకులును చల్లి, ఉప్పు మిరియములతో ముగించెడి టోస్టు.

ఈ వంటకమునకు ప్రసిద్ధి తెచ్చినది మధ్యధరాసముద్ర తీరము. ఇటలీ దేశమున టస్కనీ, లాత్సియో ప్రాంతములందు నవంబరు మాసమున ఆలివుపండ్లు కోసి నూనె తీసిన పిదప, ఆ కొత్తనూనె రుచి చూచుటకై, రొట్టెను నిప్పులమీద కాల్చి, వేడి చల్లారకమునుపే పచ్చి వెల్లుల్లిరెబ్బను దానిపై రుద్ది, నూనెను ధారగా పోసి, ఉప్పు చల్లుకొని తినుట అచటి రైతుల ఆచారము; బ్రుస్కెట్టా అని లోకమంతట పేరుపడినది ఇదియే. ఆ దేశమందే గొర్రెపాలతో గట్టి చీజ్ చేయగా మిగిలిన తేటనీటిని మరల కాచినప్పుడు, ఆ నీటిలో కరగి నిలిచిపోయిన మాంసకృత్తులు తెల్లని తరకలుగా పైకి తేలును. వానిని చిల్లులగరిటెతో ఎత్తి బుట్టలలో వడగట్టిన మెత్తని పదార్థమే రికోట్టా. రోము పరిసరములందు తయారగు రికోట్టాకు 2005లో ఐరోపా సమాఖ్య ప్రాంతనామ రక్షణను కూడ ప్రసాదించినది. గ్రీసుదేశపు క్రీటు ద్వీపమున బార్లీపిండి రొట్టెను రెండుమారులు కాల్చి ఎండించి నెలలతరబడి నిలువచేయుదురు. తినునప్పుడు దానిపై కొన్ని నీటిచుక్కలు చిలుకరించి, తురిమిన టమాటో పరచి, మిజిథ్రా అను తెల్లని మెత్తని చీజ్‌ను చిదిమి చల్లి, ఒరెగానో ఆకును నలిపి వేసి, ఆలివునూనె పోయుదురు. దానిని డాకోస్ అందురు. లెబనాను, సిరియా దేశములలో పెరుగును గుడ్డలో మూటగట్టి నీరోడ్చి, లబ్నే అని పిలుచుచు, పుదీనా, కీరదోస, ఆలివునూనెలతో రొట్టెకు జతచేసి ప్రాతఃకాలమున భుజించుట సర్వసామాన్యము.

వీనిలో ఏదియు రాజుల వంటశాలలో పుట్టినది కాదు. నిన్నటి రొట్టెను పారవేయనొల్లని గృహిణి, చీజ్ చేయగా మిగిలిన నీటిని నేలపాలు చేయనొల్లని గొర్రెలకాపరి, తోటలోని టమాటో మెత్తబడకమునుపే తినదలచిన రైతు, వీరి పొదుపునుండి ఇవి జనించినవి. ఇవి త్వరగా సిద్ధమగుటకు కారణమును విచారించినచో ఒక సత్యము బోధపడును: కాలము తీసికొనవలసిన పనులన్నియు, అనగా పిండి పులియుటయు, పాలు పేరుకొనుటయు, కాయ పండుటయు అంతకుముందే జరిగిపోయి యుండును, చివరి పది నిమిషములు ఆ దీర్ఘశ్రమకు ఫలశ్రుతి మాత్రమే. వస్తువు మంచిదైనప్పుడు వంటవాడు చేయవలసినది స్వల్పము; వస్తువు చెడినదైనప్పుడు ఎంత మసాలా దట్టించినను, ఎంతసేపు వేయించినను లాభము లేదు. శీఘ్రపాకమునకు నేను గౌరవము కోరుటకు మూలకారణమిదియే. అది వస్తువును దాచదు. కావున తాజా వస్తువునే తెచ్చుకొమ్మని మనలను నిర్బంధించును.

ఇది పరదేశపు తిండి, మన నోటికి పొసగదని కొందరు పెద్దలు అందురు. మన వంటకు ప్రాణమని మనమనుకొను మిరపకాయయు, నేడు టమాటో లేని చారు లేదనునంతగా మన వంటింటిలో స్థిరపడిన టమాటోయు అమెరికాఖండమునుండి వచ్చినవే యని వారికి మనవి చేయుచున్నాను. పాలను మార్చి ఘనపదార్థముగా చేసికొనుట మనకు కొత్త కాదు. చరకసంహిత సూత్రస్థానములోని అన్నపానవిధి అధ్యాయము పాలతో కలుగు పదార్థములను చెప్పుచు జున్నుపాలైన పీయూషమును, మోరటమును, విరిగిన పాల ముద్దయైన కిలాటమును పేర్కొన్నది. ఈనిన గేదె తొలిపాలలో బెల్లమును మిరియాలపొడిని కలిపి ఆవిరిమీద ఉడికించిన జున్ను తెలుగువారికందరికిని ప్రియమైనది. రాయలసీమలోను తెలంగాణములోను పెనముమీదినుండి దించిన జొన్నరొట్టెపై వెన్నముద్ద వేసి, పచ్చి ఉల్లిపాయను కొరుకుచు తిను రైతు, క్రీటు ద్వీపపు కాపరి ఆచరించు సూత్రమునే ఆచరించుచున్నాడు: కాలిన ధాన్యము, చల్లని పాలపదార్థము, పచ్చికూర, ఈ మూడింటి మేళనమే ఆ ఇద్దరి భోజనము.

బ్రెడ్డును మాత్రము మన పల్లెలు చిరకాలము జ్వరపడినవారి పథ్యముగానే చూచినవి. ఆసుపత్రిలో నున్న బంధువును పలుకరింపబోవువారు ఒక చేత బ్రెడ్డు పొట్లమును, ఒక చేత బత్తాయిపండ్లను పట్టుకొని పోవుట నేటికిని మానలేదు. హైదరాబాదు విందులలో డబుల్ రొట్టె నేతిలో వేగి, పాలలోను పంచదారపాకములోను నాని, డబల్ కా మీఠాయై గౌరవము పొందినది. 1965లో కేంద్రప్రభుత్వమే మోడరన్ బేకరీస్ సంస్థను స్థాపించి, నగరవాసుల దినచర్యలో బ్రెడ్డునకు చోటు పెంచినది. ఇంకొక విశేషము: అమెరికాలోని తెలుగు ఇండ్లలో పండుగవచ్చినచో అంగడినుండి రికోట్టా డబ్బా తెచ్చి, పంచదార, పాలపొడి కలిపి కలాకండ్ చేయుట పరిపాటి. ఇటలీ కాపరుల చీజ్ మన మిఠాయిగా మారుటకు అభ్యంతరము లేనప్పుడు, మన ఇంటి పాలను విరిచి చేసిన చీజ్ రొట్టెముక్కపైకి చేరుటకు అభ్యంతరమేల?

ఇక చేయువిధానమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన ఈ వంటకమున గుణమంతయు చిన్న నియమములందే గలదు. లీటరు పాలను పొంగు వచ్చువరకు కాచి, పొయ్యి ఆర్పి, రెండు నిమిషములాగి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసమును అంతే నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా పోయుచు గరిటెతో నెమ్మదిగా త్రిప్పవలెను. పాలు తెల్లని తరకలుగా విడివడి, చుట్టును లేత పసరువన్నెగల తేట కనబడిన క్షణముననే నిమ్మరసము ఆపవలెను. అంతకుమించి పోసినను, అదేపనిగా కలియబెట్టినను తరకలు బిగిసిపోవును. పాలలోని కేసీన్ అను మాంసకృత్తు రేణువులు ఒకదానినొకటి వికర్షించుకొనుచుండుటచేతనే పాలు పాలుగా నిలిచియుండును. పులుపు తగిలినంతనే ఆ వికర్షణము నశించి, రేణువులు పరస్పరము అంటుకొని, కొవ్వును తమలో బంధించి పేరుకొనును. దీనిని పలుచని శుభ్రమైన గుడ్డలో వడగట్టి, చన్నీటిధారక్రింద కడిగి, పావుగంట వ్రేలాడదీసిన చాలును. బజారులో దొరకు పనీరుకు పెట్టినట్లు బరువు పెట్టరాదు. తడి పూర్తిగా పోకమునుపే చిటికెడు ఉప్పును, చెంచాడు చిక్కని పెరుగును వేసి వ్రేళ్లతో మెదిపినచో, చాకుతో పరచుటకు అనువైన మెత్తదనము వచ్చును. లీటరు గేదెపాలకు సుమారు 200 గ్రాములును, ఆవుపాలకు అంతకంటె కొంత తక్కువయు లభించును. మిగిలిన తేటతో చపాతీపిండి కలుపవచ్చును, చారు కాచుకొనవచ్చును. ఈ పనిని ఉదయము పాలు కాచునప్పుడే ముగించి చల్లనిచోట నుంచినవారికే సాయంకాలపు పది నిమిషములు నిజముగా పది నిమిషములగును. అంతమాత్రము వీలుకాని ఇంటిలో, రాత్రి పెరుగును గుడ్డలో మూటగట్టి, గిన్నెపై వ్రేలాడునట్లు ఫ్రిజ్‌లో నుంచినచో తెల్లవారునప్పటికి లబ్నేవంటి ముద్ద సిద్ధముగా నుండును.

రొట్టె విషయమున నిన్నటిదే నేటి టోస్టుకు ఉత్తమము. రొట్టె గట్టిపడుట కేవలము తడి ఆరిపోవుటవలన కలుగునది కాదనియు, నీరు పోకుండ మూసియుంచినను అది గట్టిపడుననియు 1852లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూసంగో నిరూపించెను. పిండిపదార్థపు అణువులు క్రమముగా స్ఫటికరూపమున పేరుకొనుటయే అందుకు ముఖ్యకారణమని తరువాత తెలిసినది. ఆ మార్పు ఫ్రిజ్‌లోని చలువలో మరింత వేగముగా జరుగును గనుక, బూజు పట్టకుండుటకై బ్రెడ్డును అందుంచువారు దానిని త్వరగా గట్టిపరచుచున్నారని గ్రహింపవలెను. వేడి తగిలినప్పుడు ఆ స్ఫటికములు సడలి రొట్టె లోపల మరల మెత్తబడును. పైభాగమున చక్కెరలును మాంసకృత్తుల అంశములును కలిసి, 1912లో మైయార్ అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వర్ణించిన రసాయనక్రియచే, బంగారువన్నెను పరిమళమును పొందును. ఆరిన పెనముమీద నూనె వేయక, మధ్యరకపు మంటపై, వ్రేలుమందపు ముక్కను ఒక్కొక్క ప్రక్క రెండుమూడు నిమిషములు కాల్చవలెను, అట్లకాడతో నొక్కరాదు. దించినవెంటనే పళ్లెములో పడవేసినచో అడుగున ఆవిరి పట్టి మెత్తబడును గనుక, రెండు ముక్కలను ఒకదానికొకటి ఆనించి నిలువుగా నిలుపవలెను.

కొనునప్పుడును జాగ్రత్త వలయును. రంగు గోధుమవన్నెగా నున్నంతమాత్రమున బ్రెడ్డు ముడిగోధుమలది కానేరదు. మైదాకు కారమెల్ రంగు కలిపి ఆ వన్నె తెప్పించుట గలదు. పొట్లముమీద పదార్థములను బరువు ననుసరించి ఎక్కువదానినుండి తక్కువదానికి వరుసగా ముద్రింపవలెనని నియమమున్నది గనుక, మొదటి పేరు ఏదియో చదివినచో నిజము తెలియును. పిండి పొంగుటకై వాడుచుండిన పొటాషియం బ్రోమేటును 2016లో మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిషేధించినది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ బ్రెడ్డు నమూనాలను పరీక్షించి, ఫలితములను ప్రజలముందుంచిన కొలదివారములకే ఆ నిషేధము వెలువడినది. చదివి కొను ప్రజలున్నచోటనే ఆహారము బాగుపడునని ఆ సంఘటన మనకు నేర్పుచున్నది.

కూర్పులో క్రమము ముఖ్యము. ముందు చీజ్, దానిపై కూరముక్కలు, అన్నిటికంటె చివర ఉప్పును నూనెయు. కొవ్వుతో కూడిన చీజ్ పొర రొట్టెకును టమాటోరసమునకును నడుమ గట్టువలె నిలిచి రొట్టెను నానకుండ కాపాడును. ఈ క్రమము తారుమారైనచో, నోటికి చేరకమునుపే రొట్టె చివికి చేతిలో విరుగును. టమాటోను చిన్నముక్కలుగా తరిగి, ఉప్పు చల్లి, ఐదు నిమిషములు జల్లెడలో నుంచినచో నీరు క్రిందికి దిగి ముక్క చిక్కబడును. గింజలచుట్టునుండు గుజ్జును మాత్రము పారవేయరాదు. 1908లో జపాను రసాయనశాస్త్రజ్ఞుడు కికునే ఇకెదా ఒక ప్రత్యేకరుచికి మూలమని గుర్తించిన గ్లూటమేటు ఆ గుజ్జునందే అధికము. కావున జారిన రసములో ఒక చెంచాడు తీసి, పరచుటకు ముందు చీజ్‌లో కలిపినచో, చప్పని ఆ పదార్థమునకు గాఢమైన రుచి అబ్బును. శీతకాలమున టమాటో, లేత ముల్లంగి, ఉల్లికాడలు. వేసవిలో కీరదోస, పుదీనా, పచ్చిమామిడి తురుము. వానకాలమున ఆవిరిపట్టిన మొలకపెసలు, వేయించిన నువ్వులు, అల్లపు తురుము: ఇట్లు ఋతువు మారినకొలది టోస్టు మారవలెను. ఆలివునూనె లేదని చింతింపనక్కరలేదు. గానుగపట్టిన పప్పునూనె చెంచాడు చాలును. ఆవకాయజాడీలో పైకి తేలిన ఎర్రని నూనెను నాలుగు చుక్కలు వేసి, పైన కొత్తిమీర తురిమి తిన్నవారికి ఈ తిండి పరదేశపుదను మాట మరల స్ఫురింపదు.

ఇంత శ్రమ ఎందులకు, చతురస్రముగా కోసి కాగితములో చుట్టిన చీజ్ బిళ్ల అంగడిలో దొరకుచున్నది కదా యని అడుగువారు కలరు. ఆ బిళ్ల చరిత్ర తక్కువైనది కాదు. 1911లో స్విట్జర్లాండు దేశమున గెర్బర్, ష్టెట్లర్ అనువారు, 1916లో అమెరికాలో క్రాఫ్ట్ అనువాడు చీజ్‌ను కరగించి, ఉష్ణదేశములలో కూడ చెడకుండ నిలువచేయు ఉపాయమును సాధించిరి. దూరదేశములకు పంపుటకు, యుద్ధభూమిలోని సైనికులను పోషించుటకు అది ఉపకరించినది. కాని ప్రొద్దుననే పాలు గుమ్మములోనికి వచ్చెడి ఇంటిలో, ప్రపంచమున మిక్కిలి పాలు ఉత్పత్తి చేయు మన దేశములో, నెలలతరబడి నిలువయుండుటకై పుట్టిన పదార్థమును ప్రతిదినము తినవలసిన అవసరము నాకు కనబడదు. దానిలో ఉప్పు అధికము. ఇంటి చీజ్‌లో ఉప్పు మన చేతిలో నుండును. పాలకొవ్వునకు బదులు ఇతరనూనెలతో చేసిన అనుకరణములు కూడ చీజ్ రూపముననే చలామణి యగుచున్నవి గనుక ఆ పొట్లములనైతే మరింత శ్రద్ధగా చదువవలెను. ఇంటి చీజ్‌కును ఒక నియమము కలదు: అది తాజాగా నున్నప్పుడే ఆహారము. చల్లనిచోట నుంచినను రెండుమూడు దినములకు మించి నిలుపరాదు. కాచని పాలతో చేసిన మెత్తని చీజ్‌లో లిస్టీరియా అను సూక్ష్మజీవి చేరు ప్రమాదము గలదు. అది ఫ్రిజ్ చలువలో కూడ పెరుగగలదు. గర్భిణీస్త్రీలకు విశేషముగా హాని చేయును. పాలను పొంగువరకు కాచుట, గుడ్డను గిన్నెను మరిగిన నీట కడుగుట ఈ కారణమున తప్పనిసరి.

ఈ చిన్న వంటకమును గూర్చి ఇంత విస్తరించి వ్రాయుటకు రుచియొక్కటే హేతువు కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము మన దేశమున జీతములేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచుండిరి. ఆ పనిలో పాల్గొన్నవారే స్త్రీలలో నూటికి 81 మంది కాగా పురుషులలో నూటికి 26 మంది మాత్రమే. శ్రమపడి వండినదే వంట అను ఆదర్శమును మనము పొగడుచున్నంతకాలము, ఆ శ్రమ ఎవరి భుజములపై పడుచున్నదో ఈ అంకెలు చెప్పుచున్నవి. బడినుండి ఆకలితో వచ్చిన పిల్లవానికి, కచేరీనుండి వచ్చిన భర్తకు, మధ్యాహ్ననిద్ర లేచిన మామగారికి ఒకరితరువాత ఒకరికి ఫలహారము అందించుటలోనే ఇల్లాలి సాయంకాలము గడచిపోవుచున్నది. ఆమెయు ఉద్యోగమునుండి అప్పుడే వచ్చినదైనను ఈ ఏర్పాటు మారుట లేదు. పులుసు పెట్టుట, పిండివంట చేయుట అభ్యాసము కోరు విద్యలు. అవి నేర్వనివారికి తప్పించుకొను అవకాశమిచ్చును. రొట్టె కాల్చి, చీజ్ పరచి, టమాటో తరుగుట రాదని చెప్పుటకు మాత్రము చేతులున్న ఏ మనుష్యునికిని అవకాశము లేదు.

కావున ఈ పాకమును వంటలో అక్షరాభ్యాసముగా చేయవలెనని నా సూచన. పదేండ్లు నిండిన బాలుడును బాలికయు పెద్దల సమక్షమున చాకు పట్టుట, మంట తగ్గించుట, ఉప్పు రుచి చూచుట, తిన్న పళ్లెమును తాము కడుగుట దీనితో నేర్తురు. పాలు ఎందుకు విరుగును, రొట్టె ఎందుకు గట్టిపడును, ఉప్పు నీటిని ఎట్లు లాగును అను ప్రశ్నలకు పాఠ్యపుస్తకము చెప్పు సమాధానము వంటింటిలో ఋజువగును. బడులలో విజ్ఞానశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు నిమ్మరసము, పాలు, పలుచని గుడ్డ తెప్పించి ఒక గంటలో ఈ ప్రయోగమును చేయించవచ్చును. ప్రయోగశాలకు వేరుగా ధనము కావలసిన పని లేదు. ఇంటిలో పెద్దవారైన పురుషులు వారమునకు ఒక సాయంకాలమైనను ఈ ఫలహారమును తామే చేసి అందరికిని పెట్టుటకు పూనుకొనవలెను. ఒక సాయంకాలము అలవాటైనచో రెండవది కష్టము కాదు, రెండవది అలవాటైనచో అన్నము వార్చుటయు పప్పు ఎసట పెట్టుటయు దూరము కావు. నిదానముగా వండు మన మహావంటకములు పండుగలకును, తీరికదినములకును, వండువారి ఇష్టమునకును చెంది వర్ధిల్లుగాక. దినదినము మనలను పోషించు సాయంకాలపు తిండి మాత్రము ఇంటిలో ఏ ఒక్కరి బాధ్యతగాను మిగులరాదు. ఎవరి ఆకలికి వారు, అవసరమైనచో పక్కవారి ఆకలికి కూడ, పది నిమిషములలో మంచి సమాధానము చెప్పగలిగిన ఇల్లే సుఖమైన ఇల్లు.